'మా భూమి'లో 'మా' అంటే ఎవరు?

తాండూరు పక్కన ఒక దళితవాడ. అంబేద్కర్ విగ్రహం వెనకున్న చిన్న హాలులో గోడకు తెల్ల దుప్పటి కట్టి మేము 'మా భూమి' సినిమా వేసి చూపించాము. సినిమా అయిపోయి లైటు వేశాక ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని ఒకే ఒక్క మాట అడిగింది. "అంత బాగనే ఉన్నది బిడ్డా. గని గా రామయ్య ఎవలోళ్ల పోరడు?"

"వీరయ్య కొడుకు" అని మాలో ఒకరు చదువుకున్నవాళ్ల జవాబు చెప్పారు. ఆమె నవ్వింది. "అయ్య పేరు కాదు బిడ్డా, ఏ వాడోడు అని అడుగుతున్న."

హాలులో తలా ఒక మాట అన్నారు. ఒకరు కాపోళ్ల పిల్లగాడన్నారు. ఒకరు గొల్లోళ్లవాడన్నారు. వెనక నిలబడ్డ కుర్రవాడొకడు "మనోడే" అన్నాడు గానీ ఎందుకు మనోడో చెప్పలేకపోయాడు. తర్వాత వికారాబాదులో చూపించినప్పుడు మేమే ఆ ప్రశ్న అడిగాము. అక్కడా అంతే. రెండున్నర గంటలు ఒక మనిషి వెంట నడిచి, అతని దుఃఖానికి ఏడ్చి, అతని తిరుగుబాటుకు చప్పట్లు కొట్టినవాళ్లు అతని వాడ ఏదో చెప్పలేకపోయారు. పల్లెటూళ్లో ఇది జరగని పని. వాడ తెలియకుండా పల్లెలో మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వరు. మరి సినిమాలో ఎట్లా జరిగింది? ఈ వ్యాసం ఆ ముసలామె ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు.

1

'మా భూమి' పేరు అందరికీ తెలుసు. చూసినవాళ్లు తక్కువ, మా వాడల్లో మరీ తక్కువ. దానికి మూలమైన నవల చదివినవాళ్లు ఇంకా తక్కువ. కాబట్టి ముందు రెండు మాటలు చెప్పుకోవాలి.

ఉర్దూ రచయిత కృషన్ చందర్ (1914–1977) తెలంగాణ సాయుధ పోరాటం మీద 'జబ్ ఖేత్ జాగే' అనే చిన్న నవల రాశాడు. ఉరికంబం ఎక్కబోతున్న రాఘవరావు అనే ఇరవై రెండేళ్ల యువకుడు జైలులో తన చివరి రాత్రి గడుపుతూ బతుకంతా నెమరు వేసుకోవడమే ఆ నవల. ఈ కథను ఆధారం చేసుకుని బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్ తన మొదటి కథాచిత్రంగా 'మా భూమి' తీశాడు. 1979లో తయారై 1980 మార్చిలో విడుదలైంది. పేరు మాత్రం నవలది కాదు. వాసిరెడ్డి భాస్కరరావు, సుంకర సత్యనారాయణ 1947లో తెలంగాణ పోరాటం మీద రాయగా ప్రజానాట్యమండలి ఊరూరా ఆడిన నాటకం పేరు అది. అంటే ఉర్దూ నవల నుంచి కథ, కోస్తా నాటకం నుంచి పేరు, బెంగాల్ నుంచి దర్శకుడు, తెలంగాణ నుంచి మట్టి, పాట, భాష. ఇన్ని చోట్ల నుంచి తెచ్చి కట్టిన ఇల్లు అది.

కట్టేటప్పుడు మూలాన్ని బాగానే మార్చారు. రాఘవరావు రామయ్య అయ్యాడు. జైలు గది పోయి కథ మొదటి నుంచి చివరిదాకా వరసగా నడిచింది. తెలంగాణ జనం పాటలు వచ్చి చేరాయి. నవలకు సినిమా బానిస కానక్కరలేదు, మార్చడం తప్పని మేమనడం లేదు. మా వాదమంతా దానికి తిరగేసి ఉంది. ఇంత మార్చుకునే స్వేచ్ఛ తీసుకున్నవాళ్లు ఒక్కటి ఎందుకు మార్చలేదు, ఒక్కటి ఎందుకు చేర్చలేదు అన్నదే మా ప్రశ్న.

2

ముందు సినిమాకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. లేకపోతే విమర్శ ఉత్త తిట్టు అవుతుంది.

అప్పటిదాకా తెలుగు సినిమాలో తెలంగాణ భాష ఉంటే హాస్యగాని నోట, లేకపోతే రౌడీ నోట ఉండేది. 'మా భూమి'లో అది ప్రేమించే మనిషి భాష, ఏడ్చే తల్లి భాష, తిరగబడే కూలి భాష అయింది. స్టూడియోలో వేసిన పల్లె కాదు, పల్లెలో తీసిన పల్లె. మేకప్పు లేని ముఖాలు. గడి ఎంత ఎత్తున్నదో, దాని ముందర గుడిసె ఎంత కురచో కెమెరా మాటలు లేకుండా చూపించింది. హైదరాబాదులో ఉదయం ఆటలుగా నెలల తరబడి నడిచింది. మాలో పెద్దవాళ్లు విద్యార్థులుగా ఉన్నప్పుడు ఆ ఉదయం ఆటలకు పోయి చూసి బయటికొచ్చి పిడికిళ్లు బిగించినవాళ్లే. ఆ పిడికిలి అబద్ధమని మేము ఈరోజు అనబోము.

అయితే అది 1980. ఆ తర్వాత 1985 జులైలో కారంచేడు జరిగింది. 1991 ఆగస్టులో చుండూరు జరిగింది. మమ్మల్ని నరికినవాళ్లు గడీల దొరలు కారు, పక్క పొలాల రైతులు. 'భూస్వామి ఒకవైపు, ఊరంతా ఒకవైపు' అనే లెక్క అక్కడ తప్పింది. ఆ లెక్క తప్పినవాళ్లం వెనక్కి తిరిగి పాత సినిమా చూస్తే, బిగించిన పిడికిలిలో ఖాళీ ఎక్కడున్నదో కనపడుతుంది.

3

మొదటి ఖాళీ పేర్లలో ఉంది.

నవలలో వెట్టివాని కొడుకు పేరు రాఘవరావు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టివాని కొడుకును 'రావు' అని పిలిచిన ఊరు ఎక్కడన్నా ఉందా? దూరాన కూర్చుని మా కోసం ప్రేమతో రాసిన రచయితకు ఈ సంగతి తెలియలేదు. తప్పు పట్టం. సినిమావాళ్లు ఇక్కడివాళ్లు కాబట్టి దిద్ది రామయ్య చేశారు. కానీ సగమే దిద్దారు. మా తాతల్ని ఊళ్లో ఎవరూ 'అయ్య' కలిపి పిలవలేదు. రామయ్య మా వాడలో రామిగాడు, వీరయ్య వీరిగాడు. దొర ఒక్కడే కాదు, పటేలు, పట్వారీ, కోమటి, కాపు, ఆఖరికి కాపు ఇంటి పదేళ్ల పిల్లవాడు కూడా అట్లే పిలిచేవాడు. ఒక మనిషి పేరు చివర ఉన్నది 'రావా', 'రెడ్డా', 'అయ్యా', 'గాడా' అనేది మాకు వ్యాకరణం కాదు. ఊళ్లో అతను ఎక్కడ నిలబడాలో చెప్పే గీత అది. రామయ్యలో 'అయ్య' వచ్చి చేరడంతో ఆ గీత తెరమీద చెరిగిపోయింది. నిజంగా చెరిగిపోతే మాకంటే సంతోషించేవాళ్లు లేరు. తెరమీద చెరిగి ఊళ్లో ఉండిపోవడమే మా బాధ.

రెండో ఖాళీ వెట్టిలో ఉంది. సినిమాలో వెట్టి అంటే ఊరంతా దొరకు ఊరికే చేసే చాకిరి. వెట్టి అట్లా సమానంగా పంచి ఉండలేదు. చాకలికి బట్టల వెట్టి, మంగలికి క్షౌరం వెట్టి, కుమ్మరికి కుండల వెట్టి. మాదిగకు చెప్పులు, తోలు పనులు, చచ్చిన గొడ్డు మోత. మాలకు పొద్దస్తమానం గడి ముందర నిలబడి ఏది చెబితే అది మోసుకుపోయే వెట్టి. అంటే ఒక పేరుతో ఎన్నో బానిసత్వాలు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే అడుగున ఉన్నది మా ఇల్లు.

ఇది మేము ఇప్పుడు కనిపెట్టిన సంగతి కాదు. పోరాటానికి నాయకత్వం వహించిన పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వచ్చిన తన పుస్తకంలోనే వెట్టిని కులం కులంగా విడదీసి చెప్పారు. హరిజన కుటుంబాలు ఇంటికొక మనిషిని వెట్టికి పంపవలసి ఉండేదని, ఆ మనిషి ఇంటి చాకిరి నుంచి కాగితాల మోత దాకా ఏమేమి చేయవలసి వచ్చేదో రాశారు. సినిమా దానికి ఏడేళ్ల తర్వాతిది. కాబట్టి 'ఆ కాలంలో ఈ స్పృహ లేదు, ఇప్పటి ప్రశ్న అప్పటి సినిమాను అడగకూడదు' అనే జవాబు మాకు చెల్లదు. సమాచారం కమ్యూనిస్టు నాయకుని పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో లెక్కకు వచ్చింది, తెరమీద కథకు రాలేదు.

వికారాబాదు, తాండూరు వైపు వెట్టి ఇంకోచోట కూడా రాసి ఉంది. మా ఇళ్లలో ఎందరికో ఇంటిపేరు 'బేగరి'. బేగారు అంటే కూలి ఇవ్వని చాకిరి. ఊరి బేగరి పని చేసిన మాల కుటుంబాలకు అదే ఇంటిపేరయి కూర్చుంది. వెట్టి పోయిందని చట్టాలు చెబుతాయి. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం కూడా వచ్చింది. కానీ బడి రిజిస్టరులో, రేషను కార్డులో, పదో తరగతి సర్టిఫికెట్టులో, ఇప్పుడు ఆధార్ కార్డులో కూడా వెట్టి మా పేరుకంటే ముందు వస్తుంది. మేము హాజరు పలికిన ప్రతిసారీ మా తాత గడి ముందర నిలబడి పలికినట్టే. ఊరంతటిదీ ఒకే వెట్టి అయితే ఈ ఇంటిపేరు ఊరంతటికీ రావాలి. ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నకు 'మా భూమి'లో చోటు లేదు.

4

మూడో ఖాళీ చంద్రి.

చంద్రి లంబాడీ పిల్ల. రామయ్య ప్రేమించిన పిల్ల. దొర కన్ను పడి ఆమె గడికి పోవలసి వస్తుంది. రామయ్య ఆ దెబ్బకు ఊరు విడిచి పోతాడు. పోయినవాడు హైదరాబాదులో కార్మికుడవుతాడు, మక్బూల్ అనే యూనియన్ నాయకుడు పరిచయమై అతనికి లోకం చూపిస్తాడు, పార్టీ మనిషై ఊరికి తిరిగొస్తాడు. సినిమా చెప్పే చైతన్యం కథ ఇది.

ఈ కథ ఎక్కడ మొదలైందో చూడండి. ఒక లంబాడీ ఆడపిల్ల మీద జరిగిన అత్యాచారం దగ్గర మొదలైంది. దెబ్బ తిన్నది ఆమె, చైతన్యం వచ్చింది అతనికి. రామయ్య ఏ దారిన పోయాడో కెమెరా ఆ దారినే పోయింది. పోవడానికి అతనికి దారి ఉంది. తండాలో ఉండిపోయిన పిల్ల తెల్లారి లేచి ఏ ముఖంతో నీళ్లకు పోయిందో, తల్లి ఏమన్నదో, తండా నాయకుడు ఏమన్నాడో చూడటానికి కెమెరా ఆగలేదు. మా వాడల్లో గడికి పోయివచ్చిన ఆడవాళ్లకు ఊరు విడిచిపోయే వీలు లేదు. వాళ్లు అక్కడే ఉన్నారు, నాట్లు వేశారు, పిల్లల్ని కన్నారు, ముసలివాళ్లయ్యారు. అవమానాన్ని మోస్తూ ఉన్నచోటే బతికి చూపించడం తిరుగుబాటు కాదా? అది తిరుగుబాటు అనుకుంటే కథ మరో వైపు నుంచి మొదలవుతుంది.

ఈ లోటు సినిమా తీసినవాళ్లకూ తెలిసిందేమోనని మాకనిపిస్తుంది. ఎందుకంటే ఇదే నర్సింగరావు 1988లో స్వయంగా దర్శకత్వం వహించిన 'దాసి'లో కెమెరా గడి లోపలికి పోయి, అక్కడ పనికి, పడకకు కట్టుబడ్డ కమలాక్షి అనే ఒక్క మనిషి పక్కన ఆగింది. అర్చనకు ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 'మా భూమి' బయటినుంచి చూసిన గడిని 'దాసి' లోపలినుంచి చూసింది. అందుకే అందులో నినాదాలు లేకపోయినా మాకు అది దగ్గరగా తగులుతుంది.

5

నాలుగో ఖాళీ హైదరాబాదు నగరంలో ఉంది.

పల్లె నుంచి పారిపోయిన రామయ్యకు నగరంలో మక్బూల్ కలిశాడు. మంచిదే. ముస్లిం కార్మికుడు, హిందూ పల్లెటూరివాడు ఒకే కంచంలో తినడం ఈనాటికీ చూడవలసిన దృశ్యం. కానీ మా వాడల నుంచి అదే నగరానికి పోయినవాళ్లకు ఇంకొకరు కూడా కలిశారు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో మన్య సంఘం పెట్టాడు. 1917లో బెజవాడ సభలో పంచములనే మాట తీసేసి ఆది ఆంధ్రులు అనే పేరు నిలబెట్టాడు. అంటరానివాళ్ల పిల్లల కోసం నగరంలో బడులు నడిపాడు. 1939లో ఆయన చనిపోయాక కూడా ఆ దారి ఆగలేదు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్, జె.హెచ్. సుబ్బయ్య వంటివాళ్లు హైదరాబాదు రాజ్యంలో దళిత రాజకీయం నడిపారు. వెంకటరావు 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో చేరాడు కూడా.

ఇక్కడ సినిమాకు చిక్కు వస్తుంది. సినిమాలో నిజాము, దొర ఒకే శత్రువు. రెండు తలల పాము. దళిత నాయకుల్లో కొందరు ఆ పాముకున్న ఒక తలతో మాట్లాడి ఇంకో తల నుంచి తప్పించుకుందామని చూశారు. ఎందుకంటే ఊళ్లో వాళ్లను రోజూ కరిచేది ఆ రెండో తల. వాళ్ల లెక్క సరైనదా కాదా అని మాలోనే వాదం ఉంది. రజాకార్ల కత్తి కింద ఉన్న పల్లెకు ఆ లెక్క ఎట్లా కనపడిందో కూడా మేము మరవలేదు. కానీ అదొక లెక్క. అంటరానివాడు తన తల తనే వాడుకుని వేసిన లెక్క. సినిమాలో పల్లెటూరివానికి తెలివి ఎప్పుడూ బయటినుంచి వస్తుంది, ఒకరు వచ్చి చదివిస్తే వస్తుంది. తన వాడలోనే పుట్టిన బడి, తన వాడ మనిషే పెట్టిన సంఘం, తన వాడవాడే వేసిన ఎత్తు తెరమీద లేవు.

6

అయిదో సంగతి ఖాళీ కాదు, నిండుతనం. అందుకే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది.

'మా భూమి'లో జనం ఈరోజుకీ మరవని ముఖం గద్దర్‌ది. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, నిజాం మీద బండి యాదగిరి కట్టిన పాటను పాడతాడు. మేము తాండూరులో చూపించినప్పుడు ఆ పాట దగ్గర హాలు మొత్తం లేచి గొంతు కలిపింది. సినిమా కథ మరిచిపోయినవాళ్లు కూడా ఆ పాట మరవరు.

గద్దర్ 1949లో తూప్రాన్‌లో దళిత ఇంట్లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. 2023 ఆగస్టు 6న మనకు దూరమయ్యాడు. రామయ్యగా వేసిన సాయిచంద్ తెలుగు నవలాకారుడు త్రిపురనేని గోపీచంద్ కొడుకు. బాగా నటించాడు, ఆయనను ఒక్క మాట అనవలసిన పని లేదు. మేము అనేది పంపకం గురించి. పాటకు మేము, కథకు వాళ్లు. డప్పుకు మేము, దండకు వాళ్లు. పోరాటాల్లో జరిగింది కూడా ఇదే కదా! పాట కట్టింది, గజ్జె కట్టింది, ముందు నడిచింది, ముందు చచ్చింది కింది కులాలు. చరిత్ర రాసినప్పుడు నాయకుల జాబితా పై కులాలది. హత్యకు గురైన షేక్ బందగి పేద ముస్లిం. 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ. పాలకుర్తిలో తన పంట కోసం విస్నూరు దేశముఖ్‌కు ఎదురు నిలిచిన ఐలమ్మ చాకలి. ఈ పేర్లు నిలబడ్డందుకు మేము గర్వపడతాం. ఈ పేర్ల మధ్య మాల మాదిగల పేర్లు ఎందుకంత అరుదుగా వినపడతాయో కూడా అడుగుతాం. చావలేదా? చచ్చారు. పేరు చివర 'గాడు' ఉన్నవాణ్ని స్తూపం మీద చెక్కేవాళ్లు లేకపోయారు.

ఆ పాట పాడుతున్నవానినే కథానాయకుణ్ని చేసి ఉంటే? గొంగడి, కర్ర, గొంతు ఉన్న మనిషి మా వాడ నుంచి బయలుదేరి గడి దాకా నడిచి ఉంటే? ముసలామె అడిగిన ప్రశ్న అక్కర లేకపోయేది. కథను ఇంత మార్చుకున్నవాళ్లకు ఆ మార్పు తోచలేదు.

7

ఇక ముగింపు. 1948లో యూనియన్ సైన్యం వస్తుంది. పారిపోయిన దొర టోపీ పెట్టుకుని తిరిగి వస్తాడు. పంచిన భూమి మళ్లీ గుంజుకుంటారు. రామయ్య చనిపోతాడు. స్వాతంత్ర్యం ఎవరికి వచ్చిందో ఇంత సూటిగా చెప్పిన తెలుగు సినిమా అరుదు. ఆ టోపీ దృశ్యానికి మా దండం.

అయితే ఆ టోపీ తర్వాత మా వైపు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. సాయుధ పోరాటం ముఖ్యంగా నల్లగొండ, వరంగల్లు, ఖమ్మం వైపు నడిచింది. దాదాపు 3000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని పార్టీ లెక్క. వికారాబాదు, తాండూరు ఆ పోరాటానికి గుండెకాయ కాదు. ఇది జాగీర్ల సీమ. వికారాబాదు పేరే పాయిగా అమీరు వికారుల్ ఉమ్రాది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కాగితం ఉన్న కౌలుదారుకు చట్టం పనికొచ్చింది. భాగేలా కింద తాత చేసిన అప్పుకు మనుమడు జీతమున్నవానికి కాగితం ఎక్కడిది? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు లేచి 80 ఎకరాలు కావాలని అడిగినవాళ్లు దళితులు. భూదానోద్యమం పుట్టింది ఆ అడగడంలో. చరిత్రలో నిలిచింది మాత్రం ఇచ్చినవాని చెయ్యి, తీసుకున్నవాని నడక. అడిగిన గొంతు కాదు.

తర్వాత ప్రభుత్వాలు మాకు ఇచ్చినవి లావుణి పట్టాలు. రాళ్లు రప్పలు, గుట్ట బోర్లు. అమ్ముకునే హక్కు లేని భూమి. ఆ భూములు చెయ్యి మారకూడదని 1977లో చట్టం తెచ్చారు. మంచి చట్టమే. అయినా మా దగ్గర నుంచి జారిపోయిన ఎకరాలు ఎన్నో మా వాడల్లో ఎవరిని అడిగినా చెబుతారు. తాండూరు వైపు నేలకు ఇంకో గుణముంది. పైన కంది, కింద బండ. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బండ దేశమంతా ఇళ్లల్లో పరిచి ఉంది. కంది కోసేది, బండ తీసేది ఎవరి చేతులో, పట్టా పుస్తకం ఎవరి పెట్టెలో ఉన్నదో చూస్తే సినిమాలో టోపీ ఇంకా తలమీదే ఉన్నదని తెలుస్తుంది.

2024 నవంబరు 11న వికారాబాదు జిల్లా దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా విలేజీ భూసేకరణ మీద అభిప్రాయసేకరణకు వచ్చిన జిల్లా అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టులు జరిగాయి. భూమి పోతుందని భయపడ్డవాళ్లలో లంబాడీ రైతులు, దళిత రైతులు ఉన్నారు. తండా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి జాతీయ ఎస్టీ కమిషన్‌కు తమ గోడు చెప్పుకున్నారు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా ప్రతిపాదన వెనక్కి తీసుకుని, పారిశ్రామిక పార్కు పేరుతో మళ్లీ సేకరణ మొదలుపెట్టింది. దాడి సంగతి కోర్టులు తేలుస్తాయి. మేము చూసింది వేరు. వార్తల్లో మైకు ముందు నిలబడి "మా భూమి ఇయ్యం" అన్న ఆ లంబాడీ ఆడవాళ్లను చూసినప్పుడు మాకు చంద్రి గుర్తొచ్చింది. తండాలో వెనక ఉండిపోయిన చంద్రి. కెమెరా ఆగి చూడని చంద్రి. ఇన్నేళ్లకు ఆమె తనంతట తనే కెమెరా ముందుకు వచ్చి, సినిమా పేరును తన నోటితో పలికింది. ఆమె 'మా' అన్నప్పుడు అందులో ఎవరున్నారో మేము అడగవలసిన పని లేకపోయింది.

8

కాబట్టి మేము 'మా భూమి'ని తోసేయమని చెప్పడం లేదు. వాడవాడకూ తీసుకుపోయి చూపించమనే చెబుతున్నాం. చూపించి, ఆ తర్వాత లైటు వేసి, ముసలామెను మాట్లాడనివ్వమని చెబుతున్నాం. మా సినిమా ఆ లైటు వేసిన తర్వాత మొదలవుతుంది.

'మా' అనే మాట చాలా తియ్యటి మాట. దాన్ని ఎవరైనా అనవచ్చు. నిజాంను పొమ్మన్న దొర కూడా 'మా తెలంగాణ' అన్నాడు. మా 'మా'లోనూ ఖాళీలు ఉన్నాయని మాకు తెలుసు. మాల 'మా'లో మాదిగ ఉన్నాడా, మాదిగ 'మా'లో డక్కలి ఉన్నాడా, ఈ అందరి 'మా'లో ఆడది ఉందా అని మమ్మల్ని మేమే అడుగుకోవలసిన రోజులివి. సినిమాను అడిగిన ప్రశ్న మమ్మల్ని మేము అడుగుకోకపోతే మేమూ ఆ దుప్పటి మీద బొమ్మలమే.

ఆ రాత్రి తాండూరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ముసలామె వాకిట్లో నిలబడి ఇంకో మాట అన్నది. "మళ్లొస్తె మనోళ్ల కత తేండ్రి బిడ్డా." అటువంటి సినిమా ఇంకా మా దగ్గర లేదు. ఎవరో తీస్తారని ఎదురు చూడటం కూడా మళ్లీ వెట్టే. ఆమె నోటి కథే రాసుకొచ్చి ఆమెకే చదివి వినిపిద్దామని అనుకున్నాం. ముందు ఆమె ఇంటిపేరు రాసుకున్నాం. బేగరి.